మొదటి ఆటోమేటిక్ వాచీ: సీకో 5, సిటిజన్ త్సుయోసా, లేక పాత హెచ్‌ఎంటీ పైలట్?

కాకినాడ కుర్రోడు (ప్రశ్న)

నమస్తే అండీ. సెల్లు (బ్యాటరీ) వాచీల నుంచి ఆటోమేటిక్‌కి మారదామనుకుంటున్నా. బడ్జెట్ 35 వేల లోపు. మణికట్టు చుట్టుకొలత 16 సెంటీమీటర్లు. ఉండేది కాకినాడ, కాబట్టి చెమటకీ ఉప్పుగాలికీ లోటు లేదు. రోజూ బైకు మీద ఆఫీసుకి. మూడు చూసి పెట్టుకున్నా:

1. సీకో 5 స్పోర్ట్స్, ఎస్‌ఆర్‌పీడీ సిరీస్, తిరిగే బెజెల్ (అద్దం చుట్టూ ఉండే పట్టీ) ఉన్నది
2. సిటిజన్ త్సుయోసా, ఎన్‌జే0150
3. ఆన్‌లైన్లో హెచ్‌ఎంటీ పైలట్. "పూర్తిగా సర్వీసు చేసినది, కొత్తదానిలా ఉంటుంది" అని రాశారు. ధర చాలా తక్కువ. ఎర్ర డయల్, ఆకుపచ్చ డయల్ కూడా ఉన్నాయి.

అడగాల్సినవి: మొదటి వాచీగా ఏది మేలు? రోజుకి ఎన్ని సెకన్లు తేడా వస్తే పట్టించుకోకుండా ఉండొచ్చు? వానలో, స్నానంలో పెట్టుకోవచ్చా? ఇంకోటి, మా బావ వచ్చే నెల దుబాయ్ నుంచి వస్తున్నాడు. సీకో అక్కడ కొనిపిస్తే ఏమైనా ఇబ్బందా?

---

పళ్ళచక్రం

ముందు కొలతలు తేల్చుకోండి, మోడల్ సంగతి తర్వాత చూద్దాం. చుట్టుకొలత 16 అని చెప్తే సగమే తెలుస్తుంది. చెయ్యి బల్ల మీద పెట్టి, వాచీ కూర్చునే చోట స్కేలు అడ్డంగా ఆనించి, పైన చదునుగా ఉన్న భాగం ఎన్ని మిల్లీమీటర్లో చూడండి. 16 సెంటీమీటర్ల చేతికి మామూలుగా 50 దరిదాపుల్లో వస్తుంది. గుండ్రటి మణికట్టు అయితే తక్కువ, పలకగా ఉంటే ఎక్కువ.

దాన్ని పోల్చాల్సింది డయల్ వెడల్పుతో కాదు. బెల్టు పట్టుకునే కొమ్ములుంటాయి కదా, పై కొమ్ము కొస నుంచి కింది కొమ్ము కొస వరకు ఉన్న పొడవుతో పోల్చాలి. లగ్ టు లగ్ అని స్పెసిఫికేషన్లలో రాసేది అదే. అది మీ చదును కంటే 3, 4 మిల్లీమీటర్లు తక్కువ ఉంటే వాచీ కుదురుగా కూర్చుంటుంది. దాటిందంటే కొమ్ములు గాల్లో వేలాడతాయి, బెల్టు ఎంత బిగించినా వాచీ పక్కకి జారుతూనే ఉంటుంది.

ఎస్‌ఆర్‌పీడీ వెడల్పు 42.5 అయినా లగ్ టు లగ్ 46 దగ్గరే. అందుకే అంకె చూసి భయపడ్డవాళ్ళు చేతికి పెట్టుకున్నాక ఆశ్చర్యపోతారు. దాని అసలు ఇబ్బంది మందం, 13.4 మి.మీ. ఫుల్ హ్యాండ్స్ చొక్కా కఫ్ కిందకి దూరదు, తలుపు గడియలకి తగులుతుంది. త్సుయోసా వెడల్పు 40, లగ్ టు లగ్ సుమారు 45, మందం 11.7. చేతి మీద మూడింట్లో సొగసైనది అదే అంటాను.

కానీ మీరు కాకినాడ అన్నారు. త్సుయోసా చైను కేసులో కలిసిపోయినట్టు ఉంటుంది, మామూలు 20 లేదా 22 మి.మీ. బెల్టు దానికి పట్టదు. దానికోసమే కోసిన బెల్టు వెతుక్కోవాలి. ఎండాకాలం చైను లింకుల మధ్య చెమట, మట్టి చేరి నల్లటి జిడ్డు పడుతుంది. అప్పుడు నైలాన్‌కి మారదామంటే దారి లేదు. చెమట ఎక్కువ ఉన్నచోట బెల్టు మార్చుకునే వీలే నా లెక్కలో మొదటి అర్హత. అద్దం మాత్రం త్సుయోసాది శాఫైర్, సీకోది హార్డ్‌లెక్స్. హార్డ్‌లెక్స్ గట్టిదెబ్బకి ఓర్చుకుంటుంది కానీ గోడకి రాసుకుంటే గీత పడుతుంది. శాఫైర్ గీతలకి లొంగదు, అంచు మీద దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది.

నా సలహా మీ జాబితాలో లేని నాలుగోది. అదే సీకో 5లో బెజెల్ లేని 40 మి.మీ. ఎస్‌ఆర్‌పీఈ సిరీస్. మిషన్ (లోపలి యంత్రం) అదే 4ఆర్36, నీటి రక్షణ అదే 100 మీటర్లు, బెల్టు వెడల్పు 20. మందం 11.5 దగ్గరకి దిగుతుంది. తర్వాత 38 మి.మీ.లో బెజెల్ ఉన్నవి కూడా వచ్చాయి, అవీ చూడండి.

కొనేముందు ఒక పని చెయ్యండి. గట్టి అట్టముక్కని 46 మి.మీ. పొడవు, 42 వెడల్పుతో కత్తిరించి, దారంతో మణికట్టుకి కట్టుకుని అద్దం ముందు నుంచోండి. చేతికి దగ్గరగా తీసిన ఫోన్ ఫోటోలో ఏ వాచీ అయినా ఉన్నదానికంటే పెద్దగానే కనిపిస్తుంది, వాటిని నమ్మొద్దు.

దుబాయ్ సంగతి: సీకో మోడల్ నంబరు చివర కే1, జే1 అని రెండు రకాలు తగులుతాయి. జే1 డయల్ మీద మేడిన్ జపాన్ అని ఉంటుంది, దానికి నాలుగు డబ్బులు ఎక్కువ అడుగుతారు. లోపలి మిషన్ ఒకటే, ఆ తేడాకి డబ్బు పెట్టక్కర్లేదు. అక్కడ అమ్మే కొన్నింట్లో వారం పేర్లు ఇంగ్లిషు, అరబిక్ రెండూ ఉంటాయి. కీతో (పక్కనున్న తిప్పే బొత్తంతో) ఒక్కో అడుగు ముందుకి తిప్పితే ఇంగ్లిషుకి వచ్చేస్తుంది, అది లోపం కాదు. చూసుకోవాల్సింది వారంటీ కార్డు: దాని మీద దుకాణం ముద్ర, కొన్న తేదీ, వాచీ నంబరు ఉండాలి, ఆ వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో అక్కడే అడిగి రాయించుకోవాలి.

---

పాతవాచీల పిచ్చి

మూడో నంబరు గురించి నేను చెప్తాను. ఎర్ర డయల్, ఆకుపచ్చ డయల్ "పైలట్"లు కొనకండి. వాటిల్లో చాలాభాగం పాత మిషన్‌కి కొత్తగా రంగేసిన డయల్ తొడిగినవి. ముంబయి వైపు నుంచి ఇలాంటివి కుప్పలుగా వస్తాయి. హెచ్‌ఎంటీయే కాదు, పాత సీకో 5, రికో, సిటిజన్, ఫావ్రే లూబా అన్నిటికీ ఇదే గతి.

హెచ్‌ఎంటీ మీద గౌరవం లేక కాదు. 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో మొదలైన ఫ్యాక్టరీ అది. జనతా, పైలట్ లోపల ఉండే 17 జ్యువెల్స్ (ఇరుసులు తిరిగే రాళ్ళు) ఉన్న మిషన్ సిటిజన్ రూపకల్పనే. గంటకి 18,000 కొట్లు (టిక్కులు), అంటే సెకనుకి ఐదు. సర్దుబాటు తేలిక, ఏ ఊళ్ళో మెకానిక్ అయినా కళ్ళు మూసుకుని విప్పగలడు. వాచీల విభాగం మూసేయడానికి కేంద్రం 2016లో ఆమోదం తెలిపింది. కాబట్టి కొత్త విడిభాగాలు దొరకడం కష్టం, ఎక్కువగా ఇంకో పాత మిషన్‌లోంచి తీసి వెయ్యడమే. (హైదరాబాద్‌లో హెచ్‌ఎంటీ అంటే వాచీలు చేసేవారనుకుంటారు కొందరు. అక్కడ చేసింది యంత్రాలు, బేరింగులు.)

అసలుదో కాదో ఫోటోల్లో పట్టుకోవడం ఇలా:

డయల్ మీద అక్షరాలు పెద్దవి చేసి చూడండి. ఫ్యాక్టరీ అచ్చు సన్నగా, అంచు తెగినట్టు ఉంటుంది. తిరిగి వేసినవాటిలో గీతలు లావుగా, రంగు కారినట్టు, నిమిషాల గీతలు గంటల గుర్తులతో కలవకుండా ఉంటాయి. 12 దగ్గర, 6 దగ్గర గీత సరిగ్గా మధ్యకి వచ్చిందా చూస్తే చాలాసార్లు అక్కడే దొరికిపోతారు.

ముళ్ళ మీద, డయల్ చుక్కల మీద రాత్రి వెలిగే రంగు ఒకే వయసుది కావాలి. డయల్ మీద గోధుమరంగుకి తిరిగి, ముళ్ళ మీద తెల్లగా మెరుస్తుంటే ఏదో ఒకటి మార్చారు.

నలభై ఏళ్ళ వాచీకి ఒక్క మరకా లేని డయల్ ఉందంటే సంతోషించకండి, అనుమానించండి. అంచుల్లో కాస్త మచ్చలున్న డయలే నాకైతే నమ్మకంగా కనిపిస్తుంది.

మిషన్ ఫోటో పంపమనండి. హెచ్‌ఎంటీ పేరు, కాలిబర్ (మిషన్ మోడల్) నంబరు కనబడాలి. స్క్రూ తలలు నలిగి ఉన్నాయా, స్టీలు భాగాల మీద గోధుమరంగు తుప్పు ఉందా, బ్యాలెన్స్ వీల్ (అటూ ఇటూ ఊగి వాచీ వేగాన్ని నిలిపే చక్రం) ఊగుతుంటే పక్కకి వంగి తిరుగుతోందా చూడండి. చివరిదానికి ఫోటో చాలదు, పది సెకన్ల వీడియో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి.

వెనక మూత మీద "స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్" అని ఉంటే మూత ఒక్కటే స్టీలు అని అర్థం. మిగతా కేసు ఇత్తడి మీద పూత అయ్యుండొచ్చు. మీ సముద్రపు గాలికి, చెమటకి ఆ పూత కొమ్ముల లోపలివైపు నుంచి పొక్కులు లేచి ఊడుతుంది, కింద పచ్చటి చిలుము పడుతుంది.

వాడకం: పైలట్ ఆటోమేటిక్ కాదు, చేత్తో కీ ఇచ్చేది. సైజు 35 మి.మీ., బెల్టు 18. రోజూ ఒకే వేళకి, పొద్దున్నే, గట్టిగా ఆగేదాకా కీ ఇవ్వాలి. ఆగాక ఇంకో సగం చుట్టు బలవంతంగా తిప్పితే స్ప్రింగు తెగుతుంది లేదా క్లిక్ (స్ప్రింగు వెనక్కి తిరగకుండా ఆపే కొక్కెం) పళ్ళు పోతాయి. అద్దం యాక్రిలిక్. గీతలు పడితే ప్లాస్టిక్ పాలిష్‌తో ఐదు నిమిషాలు రుద్దితే పోతాయి, మార్చినా ఖర్చు తక్కువ. నీటి రక్షణ లేదనే అనుకుని వాడండి, చినుకు పడితే జేబులో పెట్టుకోండి.

మొదటి వాచీగా ఒక్క హెచ్‌ఎంటీ మీదే ఆధారపడితే బైకు, వాన, చెమట మూడూ దానికి శత్రువులు. రెండో వాచీగా, ఆదివారం వాచీగా, ఇంట్లో పెద్దవాళ్ళు వాడినది బీరువాలో ఉంటే మాత్రం దాన్ని మించినది లేదు. అలాంటిది దొరికితే డయల్‌కి రంగు వేయించకుండా మిషన్ ఒక్కటే శుభ్రం చేయించండి.

---

బీట్ ఎర్రర్

సెకన్ల తేడా గురించి. ఒక రోజంటే 86,400 సెకన్లు. రోజుకి 10 సెకన్లు తేడా అంటే 99.98 శాతం పైన సరిగ్గా ఉన్నట్టే. అయినా నెలకి ఐదు నిమిషాలు పోతుంది కాబట్టి సెల్లు వాచీకి అలవాటైనవాళ్ళకి కోపం వస్తుంది. కంపెనీ చెప్పే హద్దులు: సీకో 4ఆర్36కి రోజుకి +45 నుంచి -35, త్సుయోసాలోని 8210కి +40 నుంచి -20. స్విస్ క్రోనోమీటర్ పరీక్షకి సగటున +6 నుంచి -4. మీరు కొనే ధరలో +15, -10 మధ్య నడిస్తే బాగున్నట్టు, వెనక మూత జోలికి పోవద్దు.

కొలిచే పద్ధతి ముఖ్యం. ఫోన్లో సమయం నెట్‌వర్క్ నుంచి వచ్చేలా పెట్టి, రోజూ పొద్దున 7కి తేడా రాయండి. ఒక్కరోజు అంకెతో ఏమీ తేలదు, వారం సగటు చూడాలి. తర్వాత మూడు రాత్రులు మూడు విధాలుగా పెట్టండి: డయల్ పైకి, కీ పైకి, కీ కిందికి. ఏ పక్కకి పెడితే వేగం పెరుగుతుందో, ఏ పక్కకి తగ్గుతుందో ఒక్కో వాచీకి ఒక్కో రకం. పగలు 8 సెకన్లు ముందుకి పోయే వాచీ రాత్రి కీ పైకి పెడితే 6 వెనక్కి వస్తే, విప్పకుండానే పని జరిగిపోయినట్టే.

ఉన్నట్టుండి రోజుకి రెండు మూడు నిమిషాలు ఫాస్టు వెళ్తోందంటే నూటికి తొంభైసార్లు అయస్కాంతం పట్టిందని. హెయిర్‌స్ప్రింగ్ (బ్యాలెన్స్‌ని ఊపే సన్నటి చుట్ట స్ప్రింగు) చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, పనిచేసే పొడవు తగ్గుతుంది, బ్యాలెన్స్ వేగంగా ఊగుతుంది. కారణాలు: ఫోన్ స్పీకరు, అయస్కాంతం ఉన్న ఫోన్ కవరు, ఇయర్‌బడ్స్ డబ్బా, ట్యాబ్లెట్ మూత, హ్యాండ్‌బ్యాగ్ బొత్తం. రాత్రి ఫోన్ మీద వాచీ పెట్టే అలవాటు మానండి, జానెడు దూరం చాలు. పరీక్షకి మామూలు దిక్సూచి దగ్గర పెట్టి ముల్లు కదులుతుందా చూడండి. కేసు స్టీలుకే కాస్త కదలొచ్చు, కానీ బ్యాలెన్స్ ఉన్నచోట ముల్లు ఊగిసలాడితే అదే.

తీసే పరికరం చిన్న నీలం డబ్బాగా దొరుకుతుంది. వాచీని దానిమీద పెట్టి, బొత్తం నొక్కి, నొక్కి ఉంచగానే వాచీని నెమ్మదిగా పైకి అరమీటరు దాకా లాగి, అప్పుడే బొత్తం వదలాలి. వాచీ డబ్బా మీద ఉండగా బొత్తం వదిలితే ఉన్న అయస్కాంతం పోకపోగా ఎక్కువవుతుంది. జనం తప్పు చేసేది అక్కడే. డబ్బా వేడెక్కుతుంది, ఒక్కోసారి కొన్ని సెకన్లకి మించి నొక్కొద్దు.

స్లో అవుతోందంటే మాత్రం కారణం వేరు. ముందు కీ చాలిందా చూడండి. ఆఫీసులో కుర్చీలో కూర్చునే పనైతే రోటరు (చెయ్యి కదిలితే తిరిగి కీ ఎక్కించే బరువు) చాలినంత తిరగదు. 4ఆర్36 పూర్తిగా ఆగిపోతే కీతో సుమారు 55 చుట్లు ఇస్తే నిండుతుంది, నిండాక దాదాపు 41 గంటలు నడుస్తుంది. చేతికి పెట్టుకుని బయటకి వెళ్ళేటప్పుడైతే 20 చుట్లు చాలు, మిగతాది రోటరు చూసుకుంటుంది. ఆటోమేటిక్‌లో స్ప్రింగు చివర జారే ఏర్పాటుంటుంది, హెచ్‌ఎంటీలా గట్టిగా ఆగదు, ఎప్పుడు ఆగుతుందా అని తిప్పుతూ పోవద్దు.

సిటిజన్ తీసుకుంటే రెండు సంగతులు ముందే తెలుసుకోండి, లేకపోతే పాడైందని దుకాణానికి పరిగెత్తుతారు. 82 సిరీస్‌లో రోటరు ఒకవైపు తిరిగినప్పుడే కీ ఎక్కుతుంది. రెండోవైపు వదులుగా గిర్రున తిరుగుతుంది, ఆ ఊపు, చప్పుడు చేతికి తెలుస్తాయి. ఆ సిరీస్‌లో సెకన్ల ముల్లుకి నేరుగా బలం అందదు కాబట్టి చెయ్యి ఊపినప్పుడు ఒక్కోసారి తడబడి ఆగినట్టు ఆగి సాగుతుంది. సమయానికి దానివల్ల నష్టం లేదు.

టైమ్‌గ్రాఫర్ (టిక్కులు విని వాచీ నడక కొలిచే యంత్రం) మీద పెట్టించుకుంటే లిఫ్ట్ యాంగిల్ (ఒక్కో మిషన్‌కి యంత్రంలో పెట్టాల్సిన కోణం) సరిగ్గా పెట్టమనండి: సీకోకి 53, మియోటా (సిటిజన్ మిషన్ల పేరు) 82కి 49. యంత్రం మామూలుగా 52 దగ్గర ఉంటుంది. సిటిజన్‌ని 52 మీదే చూస్తే ఆంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ ఎంత దూరం ఊగుతుందో) ఉన్నదానికంటే 15 డిగ్రీల దాకా ఎక్కువ చూపిస్తుంది, నీరసించిన వాచీ ఆరోగ్యంగా కనిపిస్తుంది. పూర్తిగా కీ ఉండి, డయల్ పైకి ఉన్నప్పుడు సీకోకి 250 పైన ఉంటే నిశ్చింత, 200 దిగితే సర్వీసు. బీట్ ఎర్రర్ (టిక్‌కీ టాక్‌కీ మధ్య తేడా) 1 మిల్లీసెకను లోపు ఉంటే చాలు.

సొంతంగా సర్దుబాటు చేద్దామనుకునేవాళ్ళకి: 4ఆర్36 బ్యాలెన్స్ మీద దగ్గర దగ్గరగా రెండు బుల్లి చేతులుంటాయి. ఒకటి వేగానికి, రెండోది హెయిర్‌స్ప్రింగ్ కొసని పట్టుకున్నది. రెండోది కదిపితే బీట్ చెడుతుంది. మొదటిదాన్ని కూడా తలవెంట్రుక మందం జరిపితే చాలు, రోజుకి పదుల సెకన్లు మారిపోతుంది. స్క్రూడ్రైవరు జారి హెయిర్‌స్ప్రింగ్‌కి తగిలితే అక్కడితో బ్యాలెన్స్ మొత్తం మార్చాల్సిందే.

---

సికింద్రాబాద్ సెకన్లు

పైన అందరు మంచిగనే చెప్పిన్రు, ఒక్క సర్వీసు సంగతి ఎవరూ ముట్టుకోలే. కొనేటప్పుడే అది ఆలోచించాలె తమ్మీ.

4ఆర్36కి పూర్తి ఓవరాయిలింగ్ సరిగ్గ చేసేటోడు అడిగే కూలి, కొత్త ఎన్‌హెచ్36 (4ఆర్36నే విడిగ అమ్మే రూపం) మిషన్ ధర దగ్గర దగ్గర ఉంటయి. చాలాసార్లు మిషనే చౌక. అందుకే చాలా దుకాణాల్ల సర్వీసు అని తీసుకుని మిషన్ మార్చి ఇస్తరు. నా మటుకు నాకు అది తప్పు కాదు. గంటకి 21,600 కొట్లు కొట్టే అదే కుటుంబం మిషన్, కొత్తగ వస్తది, ఐదారేండ్లు చూడక్కర్లే. కానీ నీకు చెప్పి మార్చాలె. ఇంకోటి, ఎస్‌ఆర్‌పీడీకి కీ 4 గంటల దిక్కు ఉంటది. కీ 3 దిక్కు ఉండే వాచీకి అచ్చేసిన తేదీ చక్రం ఉన్న మిషన్ దాంట్ల పెడితే తేదీ కిటికీల వంకరగ, పక్కకి జరిగి కనబడతది. మార్పించేటప్పుడు "కీ 4 దగ్గర ఉండే వాచీకి తేదీ చక్రం" అని ముందే అడుగు.

సర్వీసుకి ఇచ్చేముందు దుకాణంల నాలుగు ప్రశ్నలు అడుగు. మిషన్ పూర్తిగ విప్పుతరా? టైమ్‌గ్రాఫర్ ఉన్నదా, ఇచ్చేటప్పుడు దాని అంకెలు చూపిస్తరా? రబ్బరు వాషర్లు కొత్తవి వేస్తరా? నీటి ఒత్తిడి పరీక్ష చేస్తరా? అబిడ్స్, కోఠి, సికింద్రాబాద్ దిక్కు ఇవన్నీ చేసే పాత మెకానిక్‌లు ఉన్నరు. "విప్పాల్సిన పని లేదు, పెట్రోల్ల ముంచి ఆరబెట్టి చుక్క నూనె ఏస్త" అంటే వాచీ తీసుకుని బయటకి రా. పాత జిడ్డు కరిగి రాళ్ళ రంధ్రాలల్ల పేరుకుంటది, మీద పోసిన నూనె పారి హెయిర్‌స్ప్రింగ్‌కి అంటుతది. నెల రోజులు బ్రహ్మాండంగ నడుస్తది, తర్వాత ఫాస్టు ఐతది లేకపోతే ఆగుతది.

సరైన పనిల ఒక్కో చోట ఒక్కో నూనె. వేగంగ తిరిగే సన్నటి ఇరుసులకి మోబియస్ 9010 లాంటి పల్చటిది, బలం ఎక్కువ పడే చోట హెచ్‌పీ1300 లాంటి చిక్కటిది, ప్యాలెట్ (చక్రాన్ని ఒక్కో పన్నే వదిలే ఫోర్కు) రాళ్ళ మొఖానికి 9415. ప్యాలెట్ ఫోర్క్ ఇరుసులకి నూనె ఎయ్యరు, ఒట్టిగనే ఉండాలె. ఆటోమేటిక్ స్ప్రింగు డబ్బా గోడకి వేరే గ్రీజు, అది లేకపోతే స్ప్రింగు తొందరగ జారి, కీ ఎంత ఇచ్చినా పది గంటలకే ఆగుతది. ఇవన్నీ మెకానిక్‌ని పరీక్ష పెట్టమని చెప్తలేను. "ఎన్ని రకాల నూనెలు వాడతరన్నా" అని ఒక్క మాట అడుగు, జవాబుల తెలుస్తది.

నీళ్ళ సంగతి. 30 మీటర్లు అని ఉంటే చేతులు కడిగేటప్పుడు చినుకు పడొచ్చు, అంతే. త్సుయోసా 50, వానల బైకు మీద పోవచ్చు. సీకో 5ది 100 మీటర్లు, ఈత కొట్టొచ్చు, కానీ దాని కీ మర బిగించేది కాదు, ఊరికే నొక్కేది. నీళ్ళల్ల ఉండంగ కీ లాగకు. స్నానానికి ఏదీ వద్దు. నీళ్ళ కంటే వేడి, సబ్బు చెడ్డవి. వేడికి లోహం ఒక తీరు, రబ్బరు ఒక తీరు సాగుతయి, సబ్బు నీళ్ళు ఆ సందుల దూరుతయి. ఈ మీటర్ల అంకెలు వాచీ కొత్తగ ఉన్నప్పటివి. రెండు మూడేండ్లకి వాషరు గట్టిపడతది, మూత తెరిచినప్పుడల్లా కొత్తది వేపియ్యి.

అద్దం లోపల ఆవిరి కనబడితే బియ్యం డబ్బాల పెట్టుడు, ఎండల పెట్టుడు చెయ్యకు. ఆవిరి డయల్ కిందికి పోయి కీ దగ్గరి స్టీలు ముక్కలకి తుప్పు మొదలైతది. అదే రోజు మూత తీపించి ఆరబెట్టియ్యాలె. ఏసీ గదిల నుంచి బయట ఉక్కలకి రాంగనే అద్దం బయట మంచు పడితే అది మామూలు, తుడిస్తే పోతది.

---

పళ్ళచక్రం

సెకన్లు గారూ, మిషన్ మార్చేయడం దగ్గర మీతో ఏకీభవించను. ఎన్‌హెచ్36 కొత్తదైనా డబ్బాలోంచి తీసినప్పుడు బీట్ ఎర్రర్, పొజిషన్ల తేడా అదృష్టం మీద ఆధారపడి ఉంటాయి. మూడేళ్ళు +4 మీద కదలకుండా నడిచిన మిషన్‌ని తీసేసి +25 మీద నడిచేది పెట్టించుకోవడం ఏం లాభం? ఆంప్లిట్యూడ్ బాగుండి, రోజువారీ నడక నిలకడగా ఉన్నంతకాలం ఐదేళ్ళయిందని విప్పక్కర్లేదు. పడిపోయినప్పుడు మార్చాలా, సర్వీసా అని ఆలోచించొచ్చు. మార్చినా పాత మిషన్ అడిగి తీసుకోండి, విడిభాగాలకి పనికొస్తుంది.

---

కాకినాడ కుర్రోడు

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. స్కేలుతో కొలిస్తే చదును 49 వచ్చింది. అట్టముక్కలో 46 అంచుదాకా వచ్చేసింది, కాబట్టి 40 మి.మీ. ఎస్‌ఆర్‌పీఈ అనుకుంటున్నా, లేదా 38ది. రంగురంగుల పైలట్ వదిలేశా. చైనుతో కొని, వేసవికి నైలాన్ మారుద్దామని. చైను లింకులు ఇంట్లో తియ్యొచ్చా? తేదీ రాత్రిపూట మార్చకూడదంటారు, ఎందుకు?

---

బీట్ ఎర్రర్

లింకులు: సీకో 5 చైనులో పిన్నుతో పాటు మధ్యలో బుల్లి గొట్టం ఉంటుంది, ఆవగింజంత. పిన్ను కొట్టగానే అది ఎగిరిపోతుంది. అది లేకుండా పిన్ను పెడితే పట్టు ఉండదు, నాలుగు రోజుల్లో పిన్ను బయటకొచ్చి వాచీ రోడ్డు మీద పడుతుంది. తెల్లటి గుడ్డ పరిచి, లింకు లోపలివైపున్న బాణం గుర్తు దిశలోనే పిన్ను కొట్టి తియ్యాలి, పెట్టేటప్పుడు బాణానికి ఎదురుగా పెట్టాలి. మొదటిసారైతే దుకాణంలోనే చేయించుకుని, తీసిన లింకులు, గొట్టాలు పొట్లం కట్టించి తెచ్చుకోండి. కొలత సాయంత్రం పూట తీసుకోండి, ఎండకి చెయ్యి ఉబ్బుతుంది. చైనుకీ చేతికీ మధ్య చిటికెనవేలు దూరాలి. బెల్టు మార్చడానికి సన్నటి ఫోర్కు ఉన్న స్ప్రింగ్‌బార్ పరికరం కొనుక్కోండి, చాకు కొసతో ప్రయత్నిస్తే కొమ్ముల వెనక గీతలు ఖాయం. కొమ్ముల లోపలివైపు ముందే టేపు అంటిస్తే ఇంకా మంచిది. నైలాన్‌ని వారానికోసారి సబ్బుతో ఉతికి ఆరేయండి, తోలు బెల్టు డిసెంబరు, జనవరికి దాచుకోండి.

తేదీ: రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 4 దాకా తేదీ చక్రాన్ని జరిపే పన్ను చక్రం పళ్ళలో దూరి ఉంటుంది. ఆ సమయంలో కీతో బలవంతంగా తేదీ తిప్పితే ప్లాస్టిక్ పన్ను విరగొచ్చు, లేదా తేదీ సగం సగం నిలిచిపోతుంది. ఆగిన వాచీ చేతికి తీసుకున్నప్పుడు అది పగలో రాత్రో డయల్ చూసి తెలియదు. అందుకని ముందు కీ రెండో మెట్టుకి లాగి, ముళ్ళని ముందుకి తిప్పుతూ తేదీ మారేదాకా వెళ్ళండి. మారిందంటే అర్ధరాత్రి దాటినట్టు. అక్కడి నుంచి 6 గంటల దాకా తిప్పి, కీ మొదటి మెట్టుకి నొక్కి, తేదీ, వారం నిన్నటివి పెట్టండి. మళ్ళీ రెండో మెట్టుకి లాగి, ముళ్ళని ముందుకి తిప్పి అర్ధరాత్రి దాటించి ఈరోజుకి రండి. మధ్యాహ్నం అయితే ఇంకో 12 గంటలు తిప్పాలి. చివర్లో సెకన్ల ముల్లు 12 మీద ఉన్నప్పుడు కీ లాగి ఆపి, ఫోన్లో నిమిషం మారగానే నొక్కేయండి. 31 లేని నెలలు ఐదు కాబట్టి ఏడాదికి ఐదుసార్లు తేదీ మీరే సర్దాలి, ఆ పని 1వ తేదీ పొద్దున టిఫిను వేళకి పెట్టుకోండి.